నీలం మూత డబ్బా

నా చేత్తో ఏదో పట్టి ఒక పసిబిడ్డ ప్రాణం తీస్తానేమోనని, నాకున్న భయాలన్నిటిలోకీ పెద్ద భయం అది. పామంటే ఇంత భయం లేదు. మా ఆయన ప్రేమదాసు సున్నపురాయి లారీ తోలుకుంటూ క్వారీ అంచుల మీద తిరుగుతాడన్నా ఇంత భయం లేదు. ఎవరైనా తమ చంటిదాన్ని నా చేతికిచ్చి కాస్త పట్టుకోమంటే అరచేతులు చెమర్చేస్తాయి. మా దీవెనకు పద్నాలుగు నెలలు వచ్చినా, పాలు కలిపేటప్పుడు ఇప్పటికీ చెంచాలు పైకి అనుకుంటూ వేస్తాను, మధ్యలో ఎవరైనా పలకరిస్తే గ్లాసు పారబోసి మళ్ళీ మొదలెడతాను. అలాంటిదాన్ని, ఇవాళ మధ్యాహ్నం నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడుతున్నప్పుడు ఆ భయం ఒకటుందనే మర్చిపోయాను. ఒళ్ళో దీవెన నిద్రపోతోంది, జ్వరానికి డాక్టరు సూది వేసిన చోట తొడకు దూది అంటుకుని ఉంది. కాళ్ళ దగ్గర కొత్త సూపర్‌మార్కెట్ కవరు. ఆ కవరు మీది బొమ్మ, పేరు దారినపోయేవాళ్ళకు కనపడాలని నేనే అటు తిప్పి పెట్టుకున్నాను. మా వీధిలో ఇంకా ఎవరూ ఆ కొట్లో అడుగుపెట్టలేదు.

అంతకుముందు ఆ కొట్టు అద్దాల తలుపు తీయగానే చల్లగాలి ముఖానికి కొట్టింది. కొత్త సబ్బులు, కొత్త ప్లాస్టిక్కు కలిసిన వాసన. గుమ్మం దగ్గరే మన సంచి తీసుకుని ఒక బిళ్ళ ఇస్తారు, వాళ్ళ బుట్ట చేతికిస్తారు, ఇక లోపలికి పోయి మనకు కావాల్సింది మన చేత్తోనే తీసుకోవాలి. మొదట చెయ్యి సాచడానికే మనసొప్పలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొట్టంటే బల్లకు ఇవతల మనం, అవతల సరుకు. పేటలో సుబ్బరాయుడి కొట్లోనైతే పప్పు చూపించమన్నా ఆయనే గుప్పెడు తీసి కాగితంలో పోసి చూపిస్తాడు. పాలడబ్బా అడిగితే ఇక చూడాలి. తువ్వాలుతో డబ్బా తుడుస్తూ, కొట్లో ఎంతమంది ఉన్నా గొంతు తగ్గించకుండా, "పిల్లకి ఎన్నో నెలమ్మా? ఏడా? ఏడంటే ఇది కాదు, ఉండు. నీ దగ్గర పాలు పూర్తిగా ఆగిపోయినయ్యా, ఏంటి? మెంతులు తినమని మీ అత్త చెప్పలా?" అంటాడు. కందిపప్పు కోసం వచ్చిన మగవాళ్ళు తలలు తిప్పుకుంటారు. నేను పమిట సర్దుకుని నేల చూపులు చూస్తాను. ఆయన ఏ డబ్బా ఇస్తే అది తెచ్చుకున్నాను, నీలం మూత అని గుర్తు పెట్టుకున్నాను, అంతే. ఈ కొట్లో ఎవరూ ఏమీ అడగరు. ఆ వరసల మధ్య బుట్ట పట్టుకుని నడుస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒకే సబ్బును మూడుసార్లు వాసన చూశాను. దీవెన నూడిల్సు పొట్లాన్ని గలగలలాడించి నవ్వింది. ఎవరూ ఏమిటని అడగలేదు.

పాలడబ్బాల వరస దగ్గర ఆ పెద్దావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి, తల మీద ముసుగు, చంకన పాత చీరముక్కలో చుట్టిన బిడ్డ. చేతిలో కాగితం. యూనిఫాం వేసుకున్న పిల్ల ఒకతి పక్కనుంచి వెళుతుంటే ఏదో అడిగింది. ఆ పిల్ల, "అన్నీ ఆ ర్యాకులోనే ఉంటాయండీ, చూస్కోండి" అనేసి ముందుకు పోయింది. ఈవిడ డబ్బాల వంక చూసి, నా వంక చూసి, నా చంకలో దీవెనను చూసి, "అమ్మాయ్, చదువుకున్నదానిలా ఉన్నావు, ఈ చీటీ కాస్త చూసిపెట్టవా తల్లీ" అంది. నిలబడి తినే పెళ్ళిభోజనంలాగుంది ఈ కొట్టు, మనకి మనమే వడ్డించుకోవాలంట, అని నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. ఆ నవ్వులోనే చెప్పుకుపోయింది. "మా కోడలు బెజవాడ పెద్దాసుపత్రిలో ఉందమ్మా, వీణ్ణి కన్నకాణ్ణించీ లేవలా. వీడికి రెండో నెల. ఖయ్యూమ్ అని పెట్టాం. మేకపాలు పడితే కక్కేత్తన్నాడు. డాక్టరు డబ్బాపాలు పట్టమని రాసిచ్చాడు. చూత్తానే ఉన్నా, అన్నీ ఒకలాగే కనపడతన్నాయి."

చదువుకున్నదానిలా ఉన్నావు. ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎనిమిదో తరగతి సగంలో ఆపేసిన దాన్ని, ఆర్తిగా అడిగిందేమో కాదనలేకపోయాను అని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ అది నిజం కాదు. కాదనాలని అనిపించనే లేదు. చీటీ అందుకున్నాను. డాక్టర్ల ఇంగ్లీషు, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టు గీతలు. పై నుంచి కిందికి కళ్ళు తిప్పాను. పెదవులు కూడా కదిపాను, పెద్ద పంతులమ్మలాగ. తర్వాత ర్యాకు వంక చూస్తే నీలం మూత కనపడింది, సుబ్బరాయుడు ఇచ్చే నీలమే అనిపించింది, దాని మీద పాలు ఒలుకుతున్న గ్లాసు బొమ్మ. "ఆఁ, ఇదేనండీ" అన్నాను. ఒకటి ఆవిడ బుట్టలో, ఒకటి నా బుట్టలో పెట్టాను. "మా పాపకి కూడా ఇదే వాడతానండీ." ఆవిడ చీటీ మడిచి రవికలో దోపుకుంది. నీ బిడ్డ చల్లగా ఉండాల తల్లీ, అంది. నేను ఆ బిడ్డ పాదం పట్టుకుని చూశాను. మడమ నా బొటనవేలంత లేదు. పట్టుకోగానే వేళ్ళు ముడుచుకున్నాడు. బిల్లు కొట్టే దగ్గర నా ముందు ఆవిడే. కౌంటరు పిల్ల డబ్బాను ఎర్ర లైటు మీద ఒకసారి తిప్పింది, కీ అంది, కవర్లో వేసింది. డబ్బా వంక చూసింది, కంప్యూటరు వంక చూసింది. ఆవిడ చంకలో బిడ్డ వంక చూడలేదు.

బస్సు అంబారుపేట దాటాక ఎద్దులబండి ఏదో అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడు. నా కవరు పక్కకు ఒరిగి డబ్బా దొర్లిపోయింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి వంగి తీసిచ్చింది. కాలేజీ పిల్ల, ఒళ్ళో పుస్తకాలు, పై పుస్తకం అట్ట మీద వాగ్దేవి అని తెలుగులో గుండ్రంగా రాసుకుంది. డబ్బా ఇస్తూ, "మీ ఇంట్లో టీలు బాగా లాగిస్తారేంటక్కా, ఇంత పెద్దది కొన్నారు" అంది.

"టీ ఏంటమ్మా?"

"ఇది టీ కాఫీల్లో కలిపే పాలపొడే కదా. మా హాస్టల్లో ఇదే. నేనైతే టీ కలుపుకునేదాకా ఆగను, పొడి పొడిగానే బుక్కేస్తా. మా వార్డెన్ పిల్లిని పెంచుతున్నామనుకుంటది." డబ్బా వెనక్కి తిప్పి, వేలుతో చూపించి, ఊరికే చదివినట్టు చదివింది. "ఇదిగో, చంటిపిల్లలకి పట్టకూడదని కూడా రాశాడు. మరీ చిన్నగా రాశాడు, ఎవడికి కనపడుద్ది?"

"తెలుసమ్మా" అన్నాను. "మా ఆయనకి టీ పిచ్చి."

ఎలా వచ్చిందో ఆ మాట. నాలుక తనంతట తనే అనేసింది. ఆ పిల్ల నవ్వి పుస్తకం తెరుచుకుంది. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని దీవెన ముఖం చూశాను. ముందు నా పిల్ల సంగతే తట్టింది. పద్నాలుగు నెలలు, అన్నం తింటోంది, డబ్బా ఇంకా మూత తీయలేదు, దీనికేం కాదు. అమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఒక్క క్షణం సీటుకు చేరగిలబడ్డాను కూడా. ఆ తర్వాత ఆ పాదం గుర్తొచ్చింది. వేళ్ళు ముడుచుకున్న పాదం. రెండో నెల, మేకపాలే కక్కుతున్నాడు, ఆవిడ ఇంటికి వెళ్ళగానే నీళ్ళు కాచుకుని ఉంటుంది, ఎన్ని చెంచాలో చీటీలో ఉన్నా చదివేవాళ్ళు లేరు కాబట్టి తన చేతి కొలతతో వేసి ఉంటుంది, చదువుకున్న అమ్మాయి ఇచ్చిందిలే అనుకుంటూ. ఆవిడ నాకంటే ఎంత ముందు బయటికి వెళ్ళింది? నేను బిళ్ళ ఇచ్చి సంచి తీసుకునేలోపు వెళ్ళిపోయింది. గంటన్నర అయింది. బిడ్డ ఆకలికి ఎంతసేపు ఆగుతాడు?

ఎండ కిటికీలోంచి మోకాళ్ళ మీద పడుతోంది. ఏం కలిపావే. ఆ గొంతు మా పిన్నిది. అప్పుడు నాకు పదమూడేళ్ళు, అమ్మకు పురిటి తర్వాత జ్వరం తగ్గడం లేదు, ఒంట్లో పాలు లేవు, తమ్ముడికి ఇంకా పేరు పెట్టలేదు, బాబు అనేవాళ్ళం. నేనే సీసాతో పట్టేదాన్ని. గేదెపాలల్లో నీళ్ళు ఎన్ని పోయాలో ఒక్కొక్కళ్ళు ఒక్కోలా చెప్పేవాళ్ళు, నేను నాకు తోచినన్ని పోసేదాన్ని, ఏడుపు ఆగితే సరిపోయినట్టే అనుకునేదాన్ని. రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు పొద్దున వాడి కళ్ళు లోపలికి పోయి, నోరు తెరిచినా ఏడుపు బయటికి రాలేదు. పిన్ని సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూసి, ఏం కలిపావే, అంది. అంతే. తిట్టలేదు. ఎవరూ తిట్టలేదు. ఆ తర్వాత నాన్న గానీ అమ్మ గానీ ఆ సంగతి ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తరు. అమ్మ దగ్గర మనిషి కావాలని నన్ను బడి మాన్పించారు. నేను కూడా పోతానని అడగలేదు, అడిగే హక్కు నాకుందని అనుకోలేదు. ఆ యేడే ఇంగ్లీషులో పెద్ద పాఠాలు మొదలైనాయి. సగంలో ఆపేసిన ఆ పుస్తకాన్ని చాన్నాళ్ళు బియ్యపు డబ్బా మీద మూతగా పెట్టుకున్నాం.

ఆవిడ పేరు అడగలేదు. బిడ్డ పేరు తనే చెప్పింది కాబట్టి తెలుసు. ఊరు? ఊరు చెప్పిందా? మా వాడికి హైవే మీద పంక్చర్ కొట్టుందమ్మా, డాబా పక్కన, కొట్టు వెనకే ఇల్లు, లారీల మోతకి వీడు పడుకోడు, అంది. ఏ హైవే అని నేనెందుకు అడుగుతాను, మాకున్నది ఒక్కటే హైవే. ఇప్పుడు కిటికీలోంచి ఆ హైవేనే చూస్తున్నాను. నవాబుపేట దగ్గర ఒక కొట్టు, కర్రకు టైర్లు వేలాడదీసి, ముందు తొట్టిలో నీళ్ళు. వెనక ఇల్లు లేదు. ఇంకో కొట్టు, వెనక రేకుల షెడ్డు, తాడు మీద ఆరేసిన గుడ్డలు, అవి పిల్లగుడ్డలా, పాత తువ్వాళ్ళా? బస్సు దాటిపోయింది. డాబా, మళ్ళీ డాబా, నులకమంచాల మీద లారీ వాళ్ళు, పక్కన టైర్లు. ఈ దారిన ఎన్నిసార్లు తిరిగాను, ఇన్ని పంక్చర్ కొట్లున్నాయని ఎప్పుడూ చూడలేదు. ఒక్కో దాని దగ్గర మెడ వెనక్కి తిప్పి చూస్తుంటే దీవెన కదిలి మూలిగింది.

చీటీ. కొట్లో చీటీ నా చేతిలోనే ఉండింది కదా. ఒక్క ముక్కైనా గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఏమీ రాలేదు. ఆ గీతలు కూడా రాలేదు. చదివినట్టు నటించడంలోనే ఉన్నాను, కాగితాన్ని చూడనే లేదు. నందిగామ డాక్టర్లందరి చీటీల మీదా పైన వాళ్ళ పేరు తెలుగులో కూడా అచ్చేసి ఉంటుంది, నా పిల్ల చీటీ మీద ఉంది. అది నాకు చదవడం వచ్చు. తెలుగు బాగా వచ్చు, పేపరు చివరి పేజీ దాకా చదువుతాను. పై వరస చదివి ఉంటే ఇప్పుడు ఆ డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని, ఖయ్యూమ్ అని ఒక బిడ్డ వచ్చాడు, ఏ ఊరని రాసుకున్నారు అని అడిగేదాన్ని. వచ్చిన అక్షరాలు వదిలేసి రాని అక్షరాల మీద కళ్ళు తిప్పాను.

పోనీ ఆవిడకు ఎవరైనా చెప్పరా? కొడుకు చదివి ఉంటాడేమో. పక్కింట్లో బడికెళ్ళే పిల్ల ఉంటుందేమో. ఒకసారి పట్టి, బిడ్డ కక్కితే మానేస్తుందేమో. లేక మేకపాలూ అంతే కక్కాడు, ఇదీ అలవాటవుతుంది, చదువుకున్నావిడ తన పిల్లకే పడుతోంది అంది కదా, అని మళ్ళీ పడుతుందేమో. మా పాపకి కూడా ఇదే వాడతానండీ. ఆ మాట అనకపోయినా ఆవిడ తీసుకునేది. ఎందుకన్నాను? ఇంటికి పోయి స్నానం చేసి, అన్నం వండి, ప్రేమదాసు వచ్చాక కొత్త కొట్టు సంగతులు చెప్పి, సబ్బు వాసన చూపించి పడుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆవిడకు నా పేరు తెలియదు. బిడ్డకు ఏమైనా అయితే అల్లా రాత అనుకుంటారు, మావాళ్ళు ప్రభువు చిత్తం అనుకున్నట్టే. డబ్బా ఎత్తి వెలుగులో పెట్టి అడిగేవాళ్ళు కూడా ఉండరు.

వాగ్దేవి పేజీ తిప్పింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను, గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, ఉలిక్కిపడింది.

"అమ్మా, ఇందాక అబద్ధం చెప్పా. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఇదే డబ్బా రెండు నెలల బిడ్డకి పట్టమని ఒకావిడకి ఇచ్చా."

ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. నన్ను అసహ్యించుకుంటుందనుకున్నాను. "ఎవరావిడ, మీకు తెలిసినావిడేనా?" అంది. తెలియదన్నాను. తెలిసినంత చెప్పాను, ముసుగు, పళ్ళు, ఖయ్యూమ్, పంక్చర్ కొట్టు. "ముందే చెప్పాల్సింది కదక్కా, నవాబుపేటలోనే దిగి వెనక్కి పోయేవాళ్ళం" అంది. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. "బిల్లుందా?" బిల్లు మీద కొట్టు నెంబరు ఉంది. సంచిలోంచి చిన్న సెల్లు తీసి నొక్కింది. బస్సు మోతలో ఒక చెవి మూసుకుని గట్టిగా మాట్లాడింది. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను. పెట్టేసి బిల్లు మడిచి నా చేతికిచ్చింది.

"ఏమన్నారమ్మా?"

"ఇవాళ ఆ డబ్బాలు నాలుగు పోయినయ్యంట. కంప్యూటర్లో అంతవరకే ఉందంట. ఎవరు పట్టుకెళ్ళారో మాకెట్లా తెలుస్తుందండీ, అంటంది."

ఎవరు పట్టుకెళ్ళారో సుబ్బరాయుడికి తెలిసేది. ఎన్నో నెల బిడ్డకో, ఎవరింటికో, ఏ వీధికో. మనిషిని సైకిలు మీద పంపేవాడు. పంపి, సాయంత్రం కొట్లో పదిమంది ముందు నన్ను నిలబెట్టి కడిగేవాడు. కడిగితే కడగనీ.

చిల్లకల్లు వస్తోందని కండక్టరు అరిచాడు. నేను లేచాను. టిక్కెట్టు పేట దాకా ఉంది కదమ్మా అన్నాడు, ఫర్వాలేదన్నాను. వాగ్దేవి పుస్తకం చివరి కాగితం చింపి, తన నెంబరు రాసి నా చేతిలో పెట్టింది. "పేట ఆటోస్టాండులో, బస్టాండులో నేను అడుగుతా. మన రత్తయ్య అని ఆటో అతను ఉన్నాడు, అందరూ తెలుసు. దొరికితే ఫోన్ చెయ్యండక్కా. దొరక్కపోయినా చెయ్యండి." చీటీ చూశాను. అంకెలు. అంకెలు నాకు చదవడం వచ్చు.

బస్సు పేట రోడ్డులోకి తిరిగి వెళ్ళిపోయింది. నేను సెంటర్లో నిలబడ్డాను, భుజాన దీవెన, చేతిలో కవరు. పడమటి ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది. ఇటు గరికపాడు వైపు డాబాలు, లారీలు, టైర్ల కొట్లు. అటు వెనక్కి, నేను వచ్చిన దారి, నందిగామ, దాన్ని దాటి కంచికచర్ల, ఇంకా ముందుకు. ఆవిడ కొట్టు బయట ఏ ఆటో ఎక్కిందో, ఎటు తిరిగిందో నేను చూడలేదు. రెండు వైపులా ఒక్కదాన్ని పోలేను. మొదటి కొట్టు రోడ్డుకవతల కనపడుతూనే ఉంది, వెనక గోడ, గోడ మీద గుడ్డలు. ఒక లారీ పోనిచ్చి దాటాలి.

నేను ఇటు గరికపాడు దాకా ఒక్కో కొట్టూ చూసుకుంటూ పోతాను. ఇది చదువుతున్న మీరు అటు నందిగామ వైపు వాళ్ళయితే, అటు ఏ పనిమీదైనా వెళ్ళేవాళ్ళయితే, దయచేసి దారిలో ఒక్కసారి ఆగండి. డాబా పక్కన పంక్చర్ కొట్టు, దాని వెనక ఇల్లు. లోపలికి పిలవండి. ముందు పళ్ళు రెండు లేని పొట్టి ఆవిడ వస్తుంది. మీ మనవడి పేరు ఖయ్యూమేనా అని అడగండి. డబ్బా సంగతి, నా సంగతి తర్వాత చెప్పవచ్చు. ముందు బిడ్డ ఎలా ఉన్నాడో చూడండి.